ఏ లెవెల్‌లో చేరాలి? డెల్ఫ్, టీసీఎఫ్ చెప్పే రెండు జవాబులు

ఫ్రెంచ్ క్లాసులో చేరడానికి వచ్చే పెద్దవాళ్లు ఫీజు ఎంతని అడుగుతారు, బ్యాచ్ టైమింగులు అడుగుతారు. ఏ లెవెల్‌లో చేరాలన్నది మాత్రం చాలామంది ఇంటి దగ్గరే తేల్చుకుని వస్తారు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచే కాబట్టి ఏ2 అంటారొకరు. ఏడాదిగా ఫోన్‌లో యాప్ మీద రోజూ చేస్తున్నాను కాబట్టి బీ1 అంటారింకొకరు. అంతా మరిచిపోయాను, అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెడతాను అంటారు మరొకరు. తన స్థాయి కంటే పైన కూర్చున్న మనిషి కొద్ది రోజుల్లోనే నోరు మెదపడం మానేస్తాడు. కింద కూర్చున్న మనిషి క్లాసుకు రావడమే మానేస్తాడు. పిల్లలకైతే ఏ తరగతిలో కూర్చోవాలో బడి చెబుతుంది. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువుల మధ్య వారానికి నాలుగైదు గంటలు మిగుల్చుకుని, సొంత డబ్బు కట్టి వచ్చే పెద్దవాళ్లకు ఈ తొలి నిర్ణయం తప్పితే కోర్సు మొత్తం దండగే.

ఈ నిర్ణయానికి ఆసరాగా ఎక్కువమంది చూసేది రెండు పరీక్షల వైపు. ఒకటి డెల్ఫ్, రెండోది టీసీఎఫ్. రెండింటినీ తయారుచేసేది ఒకే సంస్థ, పారిస్ పక్కనే సెవ్ర్‌లో ఉన్న ఫ్రాన్స్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్. రెండూ ఫలితం చెప్పేది ఒకే ఆరు స్థాయిల లెక్కలో: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. అయినా మనిషిని చూసే తీరులో రెండింటికీ పొత్తు లేదు. 'ఈ స్థాయికి నువ్వు చాలుతావా?' అని డెల్ఫ్ అడుగుతుంది. 'నువ్విప్పుడు ఏ స్థాయిలో ఉన్నావు?' అని టీసీఎఫ్ అడుగుతుంది. కోర్సు ఎంచుకునేవాళ్లలో చాలామంది ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసుకుంటారు, లేదా ముందు వేయాల్సినదాన్ని చివర, చివర వేయాల్సినదాన్ని ముందు వేసుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

కొలత ఎక్కడిది

ఈ ఆరు స్థాయిలు రాకముందు లెవెల్ అంటే పుస్తకం. గాస్తోన్ మోజే రాసిన ఫ్రెంచ్ భాషా నాగరికతల పాఠ్యగ్రంథం 1953 నుంచి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా విదేశీయుల చేతుల్లో తిరిగింది. నీలిరంగు అట్ట వల్ల దాన్ని 'నీలి మోజే' అనేవారు. అది నాలుగు భాగాలు. మొదటి భాగం పూర్తిచేసినవారు రెండో భాగానికి అర్హులు, అంతే. చదివిన పాఠాల సంఖ్యే చదువరి స్థాయి. ఆ పాఠాలతో అతను బయటికెళ్లి ఏం చేయగలడన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు.

1970ల్లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఈ లెక్కను తలకిందులు చేసింది. పరాయి దేశంలో ఒక పెద్దమనిషి తన పనులు తాను చూసుకోవడానికి ఎంత భాష కావాలి అన్న ప్రశ్నతో పని మొదలుపెట్టి, 1975లో ఇంగ్లీషుకూ, 1976లో 'నివో సెయ్' పేరుతో ఫ్రెంచ్‌కూ ఒక గడప స్థాయిని నిర్వచించింది. నేటి బీ1 దాని వారసత్వమే. 2001లో వెలువడిన ఉమ్మడి యూరోపియన్ ప్రమాణం దాని కిందా మీదా మిగతా స్థాయిలను చేర్చి ఆరుగా స్థిరపరిచింది. 2020 నాటి అనుబంధ గ్రంథం ఏ1 కంటే ముందొక దశనూ, ఏ2, బీ1, బీ2లకు పైన ప్లస్ దశలనూ వివరించింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పెద్దవాళ్ల అవసరాల నుంచి పుట్టిన ఈ ప్రమాణం మొదటి నుంచీ వినడం, చదవడం, మాట్లాడటం, రాయడం విడివిడిగానే వర్ణించింది. ఒకే మనిషి చదవడంలో బీ1, మాట్లాడటంలో ఏ1 కావచ్చునని అది ఒప్పుకుంటుంది. ఆ నాలుగింటినీ కలిపి ఒకే అక్షరం, ఒకే అంకె తగిలించింది పరీక్షలూ కోర్సులూ. డెల్ఫ్‌నూ టీసీఎఫ్‌నూ పక్కపక్కన పెట్టి చూడాల్సింది ఈ కలపడం దగ్గరే.

అడిగే తీరు

డెల్ఫ్‌ను ఫ్రాన్స్ విద్యాశాఖ 1985లో ప్రవేశపెట్టింది. 2005లో దాన్ని ఉమ్మడి ప్రమాణానికి సరిపడేలా తిరగరాశారు. అప్పటి నుంచి ఏ1 మొదలు బీ2 దాకా నాలుగు డెల్ఫ్ పట్టాలు, ఆపైన సీ1, సీ2లకు డాల్ఫ్ పట్టాలు. దేనికది స్వతంత్రం. ఏ1, ఏ2 రాయకుండానే నేరుగా బీ1కు కూర్చోవచ్చు. అంటే తన స్థాయి ఏమిటో అభ్యర్థే ముందుగా పందెం కాయాలి. బీ1 కాగితంలో ప్రశ్నలన్నీ బీ1 పనులే. తప్పితే, ఏ2 ఉందని చెప్పే కాగితమేదీ చేతికి రాదు. నెగ్గితే, బీ2కు ఎంత దగ్గరలో ఉన్నారో అది చెప్పదు.

టీసీఎఫ్‌లో ఆ పందెం లేదు. అందరికీ ఒకే పరీక్ష. సాధారణ టీసీఎఫ్‌లో తప్పనిసరి భాగాలు మూడు: వినడంలో 29 ప్రశ్నలు, భాషా నిర్మాణంలో 18, చదవడంలో 29. ప్రశ్నలు తేలికవాటితో మొదలై క్రమంగా కఠినమవుతాయి. ఎక్కడిదాకా నడవగలిగితే అక్కడే స్థాయి. ఫలితం 100 నుంచి 699 మధ్య ఒక అంకె. 200 దాటితే ఏ2, 300 దాటితే బీ1, 400 దాటితే బీ2. ఇందులో పాస్, ఫెయిల్ అన్న మాటే లేదు.

డెల్ఫ్ రెడీమేడ్ చొక్కా, టీసీఎఫ్ దర్జీ టేపు. చొక్కా పడితే వేసుకుని వెళ్లొచ్చు. పట్టకపోతే, ఎన్ని అంగుళాలు తక్కువో అది చెప్పదు. టేపు కొలత చెబుతుంది కానీ ఒంటిమీదికి బట్ట ఇవ్వదు. కోర్సులో చేరబోయేవాడికి ముందు కావలసింది కొలత. కాబట్టి మొదటి చూపులో టీసీఎఫ్‌దే పైచేయి. కానీ ఆ టేపు ఏయే భాగాలను కొలుస్తోందో చూశాక అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం.

నోరు ఎక్కడ

సాధారణ టీసీఎఫ్‌లో మాట్లాడటం, రాయడం ఐచ్ఛికాలు. తప్పనిసరి మూడు భాగాలూ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే. గంటన్నర లోపు ముగిసే ఆ పరీక్షలో ఒక్క ఫ్రెంచ్ వాక్యం పలక్కుండా, ఒక్క వాక్యం రాయకుండా బీ1 అనిపించుకోవచ్చు. ఊహించి పెట్టిన జవాబు తగిలినా మార్కే. చాలా సంస్థలు చేరేముందు పెట్టే ప్లేస్‌మెంట్ టెస్టులదీ ఇదే అచ్చు: కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఖాళీలు పూరించమంటాయి. వ్యాకరణం బాగా చదివిన మనిషి అందులో ఒకటి రెండు మెట్లు పైకి తేలతాడు.

డెల్ఫ్‌లో నోటి పరీక్షను తప్పించుకునే దారి లేదు. ఏ2లో అది ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు. బీ1లో పావుగంట. బీ1 నోటి పరీక్షలో మొదట తన గురించి మాట్లాడాలి. తర్వాత పరీక్షకుడితో కలిసి ఒక సన్నివేశం నడపాలి. కొన్న వస్తువు పాడైంది, దుకాణదారుడు వెనక్కి తీసుకోనంటున్నాడు, ఒప్పించాలి అన్నట్టుంటుంది. దీనికి ముందస్తు తయారీ సమయం ఇవ్వరు. చివర చిన్న వ్యాసం ఆధారంగా తన అభిప్రాయం చెప్పాలి, దానికి మాత్రం పది నిమిషాలు ఆలోచించుకోనిస్తారు. బీ2లో అయితే అరగంట తయారై, ఇరవై నిమిషాల్లో వాదన వినిపించి, ఎదురు ప్రశ్నలకూ నిలబడాలి.

రాతలోనూ అంతే. డెల్ఫ్ ఏ1లో ఒక ఫారం నింపి, 40 మాటల చిన్న సందేశం రాస్తే చాలు. ఏ2లో 60 మాటలవి రెండు. బీ1లో కనీసం 160 మాటల్లో ఒక అనుభవమో అభిప్రాయమో రాయాలి. బీ2లో కనీసం 250 మాటల్లో వాదన నిర్మించాలి. ఈ అంకెలను వరసగా చదివితే చాలు, ఒక స్థాయికీ తర్వాతి స్థాయికీ మధ్య పెరిగే దూరం కళ్లకు కడుతుంది. ఏ1, ఏ2లలో ఉన్న సంగతి చెప్పడం. బీ1లో కథనం. బీ2లో తర్కం. ప్రశ్నపత్రం నమూనానే ఒక స్థాయి వర్ణనగా పనికొచ్చే గుణం డెల్ఫ్‌కు ఉంది, టీసీఎఫ్‌కు లేదు.

వినే భాగంలో మాత్రం టీసీఎఫ్ నిక్కచ్చి. అక్కడ ప్రతి సంభాషణా ఒక్కసారే వినిపిస్తుంది. డెల్ఫ్ బీ1లో రెండేసి సార్లు వినే వీలుంటుంది. ఫోన్ అవతలి మనిషి చెప్పింది ఒక్కసారిలో అందుకోవాల్సిన ఉద్యోగికి మొదటిదే నిజమైన కొలత.

కూడికలో దాగేది

డెల్ఫ్‌లో నాలుగు భాగాలకు తలా 25, మొత్తం 100. నెగ్గడానికి 50 రావాలి, ఏ భాగంలోనూ 5కు తగ్గకూడదు. ఈ నిబంధన ఉదారమైనది. ఉదాహరణకు ఏ2 రాసిన ఒకరికి చదవడంలో 22, రాయడంలో 17, వినడంలో 8, మాట్లాడటంలో 6 వచ్చాయనుకుందాం. కలిపితే 53. పట్టా వస్తుంది, దాని బలంతో బీ1 క్లాసులో సీటూ వస్తుంది. ఆ క్లాసులో టీచరు మొదటి రోజే సినిమా చూసి కథ చెప్పమంటారు. వినడంలో 8, మాట్లాడటంలో 6 తెచ్చుకున్న మనిషికి ప్రశ్నే అందదు. పట్టా అబద్ధం చెప్పలేదు. ఏ2 స్థాయి పనులను సగటున చేయగలడని మాత్రమే అది చెప్పింది. ఆ సగటును తర్వాతి లెవెల్‌కు టికెట్‌గా వాడుకోవడంలోనే పొరపాటుంది.

కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ ఇదే సమస్యను వేరే తీరున ఎదుర్కొంది. నైపుణ్యమున్న వలసదారులను ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి అది డెల్ఫ్‌ను ఒప్పుకోదు. టీసీఎఫ్ కెనడా గానీ, పారిస్ వాణిజ్య మండలి నడిపే టెఫ్ కెనడా గానీ కావాలి. 2023లో మొదలైన ఫ్రెంచ్ కేటగిరీ ఎంపికలకు నాలుగు నైపుణ్యాల్లోనూ, దేనికదే, కెనడా సొంత ఫ్రెంచ్ కొలమానమైన ఎన్‌సీఎల్‌సీలో 7 ఉండాలి. కూడిక లేదు, సగటు లేదు. టీసీఎఫ్ కెనడాలో మాట్లాడటం, రాయడం తప్పనిసరి. ఎన్‌సీఎల్‌సీ 7కు వాటిలో 20కి కనీసం 10 రావాలి. వినడంలో కనీసం 458, చదవడంలో కనీసం 453 రావాలి. ఈ అంకెలను స్థాయిల పక్కన పెట్టి చూడండి. మాట్లాడటంలో 10 అంటే బీ2 తొలి మెట్టు. వినడంలో బీ2 మొదలయ్యేది 400 దగ్గర. అంటే 458 అన్నది బీ2 సగం దాటాక వచ్చే అంకె. డెల్ఫ్ బీ2ను 52తో నెగ్గిన మనిషి కెనడా లెక్కలో నిలవకపోవచ్చు. 'బీ2 అయిపోయింది' అన్న మాట ఒకటే అయినా రెండు చోట్లా బరువు వేరు.

కెనడాలోనే ఉన్న కెబెక్ రాష్ట్రం స్థాయిలను ఇంకా సన్నగా చీల్చింది. వయోజన వలసదారుల కోసం ఆ రాష్ట్రం వాడే ప్రమాణంలో 12 స్థాయిలున్నాయి. తొలి నాలుగూ ఆరంభ దశ, మధ్య నాలుగూ మధ్యమ దశ, చివరి నాలుగూ ఉన్నత దశ. నోటిమాటకూ రాతకూ విడివిడిగా స్థాయి చెబుతుంది. ఒక యూరోపియన్ స్థాయి ఉజ్జాయింపుగా అక్కడ రెండుగా విడిపోతుంది. మెట్టు చిన్నదైనకొద్దీ తప్పు మెట్టు మీద నిలబడ్డా నష్టం తక్కువ. మన నగరాల్లో కొన్ని సంస్థలు ఏ2ను ఏ2.1, ఏ2.2 అంటూ విడగొట్టడంలోనూ ఇదే సౌలభ్యం ఉంది, అది ఫీజు వాయిదాల కోసం మాత్రమే కాకుండా ఉంటే.

కాలం చెల్లని పట్టా, రెండేళ్ల కాగితం

డెల్ఫ్ పట్టాకు గడువు లేదు. టీసీఎఫ్ ఫలితం రెండేళ్లకే చెల్లిపోతుంది. అభ్యర్థికి మొదటిదే లాభం, సందేహం లేదు. కానీ కోర్సు ఎంచుకునేవాళ్లకు సంబంధించినంతవరకు రెండోదే నిజాయితీ గల మాట. డిగ్రీలో ఉండగా నెగ్గిన డెల్ఫ్ బీ1 పదేళ్ల తర్వాత కూడా గోడమీద బీ1 అనే అంటుంది. నోరు మాత్రం ఎప్పుడో ఏ2కు దిగిపోయి ఉంటుంది. అలాంటివాళ్లను ఫ్రెంచ్ టీచర్లు 'ఫో దెబ్యూతాన్' అంటారు, పేరుకే కొత్తవాళ్లు. వీరిని సున్నా నుంచి వచ్చినవాళ్లతో ఏ1లో కూర్చోబెడితే మొదటి వారాలు తెలిసిందే వింటూ విసుగుపడతారు. పాత పట్టా చూసి బీ2లో కూర్చోబెడితే తడబడతారు. మరిచిపోయిన భాష కొత్త భాష కంటే త్వరగా తిరిగొస్తుంది. వీరికి తగిన చోటు పాత పట్టాకు ఒక మెట్టు కింద, త్వరగా సాగే బ్యాచ్‌లో.

మన చదువరి తీరు

ఇవన్నీ ఎక్కడైనా వర్తించే మాటలే. తెలుగు రాష్ట్రాల నుంచి ఫ్రెంచ్ నేర్చుకునే పెద్దవాళ్ల విషయంలో ఇంకొకటి కలుస్తుంది. వీరిలో దాదాపు అందరూ ఇంగ్లీషు మీడియంలో పై చదువులు చదివినవాళ్లు. ఇంగ్లీషులోని వేల మాటలు ఫ్రెంచ్ నుంచే వచ్చాయి కాబట్టి ఫ్రెంచ్ పేపరు తెరిస్తే సగం మాటలు ముఖం తెలిసినవే. చదవడం చాలా తొందరగా పట్టుబడుతుంది. వినడం అలా కాదు. ఫ్రెంచ్‌లో రాసింది రాసినట్టు పలకరు. 'మాట్లాడు' అనే క్రియకు నేను, నువ్వు, వాళ్లు అనే కర్తలతో రాతలో మూడు వేర్వేరు తోకలుంటాయి, చెవికి మూడూ 'పార్ల్' అనే వినబడతాయి. 'నాకు తెలియదు' అనడానికి పుస్తకంలో 'జె నె సే పా' అని నేర్చుకున్నవాళ్లకు పారిస్ మెట్రోలో 'షే పా' అని వినిపిస్తుంది. రాసినట్టే పలికే తెలుగుకు అలవాటుపడ్డ చెవి ఇక్కడ బాగా వెనకబడుతుంది.

దీనికి ఇంటర్ ఫ్రెంచ్ తోడవుతుంది. మార్కులు బాగా వస్తాయని సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లు మన కాలేజీల్లో ఎప్పుడూ ఉంటారు. అక్కడ రాతదే రాజ్యం. క్రియారూపాలు కంఠస్థం, అనువాదం అలవాటు. సంభాషణకు చోటు తక్కువ. ఫలితంగా తయారయ్యే చదువరి చదవడంలో బీ1కు దగ్గర, వ్యాకరణంలో ఏ2, వినడంలో ఏ1, మాట్లాడటంలో ఏ1 అంచు. ఈ మనిషిని టీసీఎఫ్ తరహా టెస్టు పైకి తోస్తుంది, డెల్ఫ్ కూడిక కప్పిపుచ్చుతుంది. మన దగ్గర తప్పు లెవెల్‌లో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది పైన కూర్చునేది ఇందుకే.

వ్యాకరణం జాబితా కూడా ఈ భ్రమను పెంచుతుంది. పాఠ్యపుస్తకాల వరస ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఏ1లో వర్తమానం, భూతకాలపు మొదటి పరిచయం. ఏ2లో రెండు భూతకాలాలను కలిపి వాడటం, సర్వనామాలు. బీ1లో సబ్జంక్టివ్, 'అయితే గియితే' వాక్యాలు, ఒకరన్నది మరొకరికి చెప్పడం. విషయసూచిక తిరగేసి 'సబ్జంక్టివ్ నాకొచ్చు, బీ1 అయిపోయినట్టే' అనుకోవడం నీలి మోజే కాలపు ఆలోచన. సబ్జంక్టివ్ రూపం రాయగలగడం వేరు. రైలు రద్దయిన స్టేషన్‌లో కౌంటర్ దగ్గర నిలబడి తన ఇబ్బంది చెప్పుకుని పని జరిపించుకోవడం వేరు. బీ1 అంటే రెండోది.

గంటలు లెవెల్ కావు

'బీ2కు ఎన్ని గంటలు పడుతుంది?' అన్నది క్లాసు చేరేవాళ్ల రెండో ప్రశ్న. దీనికి రెండు దేశాల ప్రభుత్వ లెక్కలను పక్కపక్కన పెడితే జవాబు దొరుకుతుంది. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తన దౌత్యాధికారులకు ఉద్యోగ స్థాయి ఫ్రెంచ్ రావడానికి పూర్తికాలం 30 వారాలు కేటాయిస్తుంది. నేర్చుకునేవారు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న, చదువుకున్న మనుషులు. నేర్చుకోవడమే వారి ఉద్యోగం. ఫ్రాన్స్‌కు కొత్తగా వచ్చిన వలసదారులకు ప్రభుత్వం ఇచ్చే భాషా శిక్షణ 2019 సంస్కరణలో నాలుగు రకాలుగా ఉండేది: 100, 200, 400, 600 గంటలు. నాలుగింటి గమ్యమూ ఒకటే, ఏ1. చదవడం రాయడం ఏ భాషలోనూ రానివారికి 600. ఒకే స్థాయి, ఆరు రెట్ల తేడా.

కాబట్టి 'మా దగ్గర ఇన్ని గంటల్లో బీ1' అన్న ప్రకటన కోర్సు పొడవు చెబుతుంది, చేరినవారి స్థాయి చెప్పదు. వారానికి నాలుగు గంటల శనాదివారాల బ్యాచ్‌లో 100 గంటలంటే ఆరు నెలలు. మధ్యలో మరిచిపోయేది కలుపుకుంటే ఇంకా ఎక్కువ. కెనడా గడువు పెట్టుకున్నవాళ్లు లెవెల్ ఎంత ముఖ్యమో వేగమూ అంతే ముఖ్యమని ముందే చూసుకోవాలి. గడువు దగ్గర పడిందని ఒక లెవెల్ దూకితే గంటలు మిగలవు, పైన మళ్లీ చదవాల్సి వస్తుంది.

గమ్యాన్ని బట్టి

అందరికీ బీ2 అక్కర్లేదు. ఫ్రాన్స్‌లో 2024 జనవరి 26 నాటి చట్టం ప్రకారం, 2026 జనవరి 1 నుంచి, చాలా కేటగిరీల్లో బహువార్షిక నివాస కార్డుకు ఏ2, పదేళ్ల రెసిడెంట్ కార్డుకు బీ1, పౌరసత్వానికి బీ2 చూపాలి. ఫ్రెంచ్ మాధ్యమంలో డిగ్రీ చదవబోయే విద్యార్థిని చాలా విశ్వవిద్యాలయాలు బీ2 అడుగుతాయి. ఇంగ్లీషు మాధ్యమంలో మాస్టర్స్‌కు వెళ్తున్నవారికి కోర్సు కోసం ఫ్రెంచ్ అడగకపోవచ్చు, కానీ ఇల్లు అద్దెకు తీసుకోవడానికీ డాక్టరు దగ్గరికి వెళ్లడానికీ ఏ2 నోటిమాట కావాలి.

గమ్యం మారితే పరీక్ష కూడా మారుతుంది. శాశ్వతంగా ఉండే పట్టా కావలసినవారికి డెల్ఫ్ మేలు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి టీసీఎఫ్ కెనడా లేదా టెఫ్ కెనడా తప్ప దారి లేదు. అయితే గమ్యం చూసి చేరే లెవెల్‌ను నిర్ణయించకూడదు. కెనడాకు బీ2 కావాలి కాబట్టి బీ2 బ్యాచ్‌లో చేరతాననడం ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన ఆలోచన. గమ్యం ఎంత దూరం నడవాలో చెబుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది వినికిడీ నోరూ.

కష్టంలో పడితేనే నేర్చుకుంటారని, ఒక మెట్టు పైనే చేరమని చెప్పే టీచర్లూ ఉన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. క్లాసులో విన్నదాంట్లో ఎక్కువ భాగం అందుతూ, కొంత అందకుండా ఉంటే చదువు సాగుతుంది. కానీ పెద్దవాళ్ల సమస్య జ్ఞానం కంటే సిగ్గుకు సంబంధించింది. ఇంజనీరుగా, మేనేజరుగా పదిమందిలో మాట్లాడే మనిషికి తప్పుల ఫ్రెంచ్‌లో అందరి ముందూ తడబడటం పరువు పోయినంత పని. పై క్లాసులో ఆ మనిషి చదువుతాడు, రాస్తాడు, నోరు మాత్రం తెరవడు. అతనికి తక్కువున్నదే అది. చదవడంలో పైనున్న మనిషికి కింది క్లాసులో విసుగు రావచ్చు. దానికి మందు ఇంట్లో ఒక ఫ్రెంచ్ పుస్తకం. నోరు రాని మనిషికి పై క్లాసులో మందు లేదు.

తీర్పు

డెల్ఫ్, టీసీఎఫ్‌లలో ఏది మెరుగని అడిగితే, దేనికని తిరిగి అడగాలి. చేరేటప్పుడు వేసుకోవాల్సింది టీసీఎఫ్ ప్రశ్న: ఇప్పుడు ఎక్కడున్నాను? కానీ దాన్ని టీసీఎఫ్ తరహా టిక్కులతో తేల్చకూడదు, డెల్ఫ్ తరహా పనులతో తేల్చాలి. కోర్సు ముగించేటప్పుడు వేసుకోవాల్సింది డెల్ఫ్ ప్రశ్న: ఈ స్థాయి పనులు చేయగలనా? కానీ దాన్ని డెల్ఫ్ తరహా కూడికతో తేల్చకూడదు, కెనడా తరహాలో నాలుగింటినీ విడివిడిగా తేల్చాలి. రెండు పరీక్షల మంచినీ తీసుకుని, రెండింటి లోపాన్నీ వదిలేస్తే వచ్చే నియమం ఇదే.

ఆచరణలో ఇదేమంత కష్టం కాదు. డెల్ఫ్ నమూనా ప్రశ్నపత్రాలు ఫ్రాన్స్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీరు చేరాలనుకుంటున్న స్థాయికి కింది స్థాయి వినే భాగం తీసుకోండి. బీ1లో చేరాలనుకుంటే ఏ2ది వినండి, మధ్యలో ఆపకుండా. 25కి 15 దాటితే చెవి సిద్ధంగా ఉన్నట్టే. తర్వాత ఆ స్థాయి నోటి అంశం ఒకటి తీసుకుని, ఫోన్‌లో రికార్డు పెట్టి, రాసుకోకుండా రెండు నిమిషాలు మాట్లాడండి. రెండు నిమిషాలు నిండలేదంటే ఆ స్థాయి ఇంకా మీది కాదు. బీ1 దాటామనుకునేవారు ఆర్ఎఫ్ఐ రేడియో తేలిక ఫ్రెంచ్‌లో ప్రసారం చేసే వార్తలు వినండి. ఒక్కసారి వినగానే ఎవరు, ఎక్కడ, ఏం చేశారన్నది చెప్పగలిగితే బీ2 తలుపు తట్టొచ్చు. వినడం, మాట్లాడటం రెండింటిలో ఏది తక్కువో అదే మీరు చేరాల్సిన లెవెల్. చదవడంలోని బలం మీతోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

చివరిగా ఒక మాట. చేరేముందు కంప్యూటర్ టెస్టుతో సరిపెట్టకుండా పది నిమిషాలు ఫ్రెంచ్‌లో మాట్లాడించి చూడమని సంస్థను అడగండి. మొదటి రెండు క్లాసుల తర్వాత లెవెల్ మార్చుకునే వీలుందా అని కూడా అడగండి. ఈ రెండింటికీ ఒప్పుకోని చోట, బ్రోషర్ మీద ఏ అక్షరం, ఏ అంకె ఉన్నా, ఫీజు కట్టకండి.